గేటు నంబరు మట్కా అంకె కాదు

రేసుల సీజన్ మొదలైతే చాలు, ఆదివారం పొద్దున చాల్ మెట్ల మీద రేసు బుక్కు పట్టుకుని కూర్చునే మనుషులు ప్రతి వాడలో ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. గుర్రం పేరు చదవగానే వాళ్ళ నోట వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "గేటు ఎంత?"

"ఒకటో గేటు పడ్డది కాకా" అంటే అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని గుర్రానికి ఒక్కసారిగా విలువ వస్తుంది. "పద్నాలుగు" అంటే మాత్రం "ఇగ దాని సంగతి ఇడిసిపెట్టు తమ్మీ" అని పేజీ తిప్పేస్తారు. ఈ గేటు మాటలో నిజం ఉందా, ఉంటే ఎంత, ఆ నిజం తెలిసినవాడి జేబులోకి నాలుగు పైసలు వస్తాయా? పందెం ఆడేవాళ్ళకు ఇవి పనికొచ్చే ప్రశ్నలే. ఆడేవాళ్ళ పగారు కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్ళకు ఇంకా ఎక్కువ పనికొస్తాయి. అందుకే ఈ నెల దీని మీద రాస్తున్నాం.

మనకూ రేసులకూ ఉన్నది ఇవాళ్టి చుట్టరికం కాదు. మహాలక్ష్మి రేస్‌కోర్సు 1883 నాటిది. దానికి పక్కనే శక్తి మిల్లు, కొంచెం దూరంలో లోయర్ పరేల్, వర్లీ గిర్నీలు. పాలమూరు నుంచి, కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి వచ్చి ఆ గిర్నీల్లో సాంచాల మీద నిలబడ్డ మన పెద్దలకు రేస్‌కోర్సు పొరుగిల్లు లాంటిది. శీతాకాలమంతా రేసులు ముంబైలో, వానాకాలంలో పుణెలో. హైదరాబాద్‌లో మలక్‌పేట, బెంగళూరు నడిబొడ్డున ఉన్న రేస్‌కోర్సు, మద్రాసులో గిండీ - మనవాళ్ళు స్థిరపడ్డ చాలా ఊళ్ళలో ఈ వాసన ఉంది. 1982 జనవరిలో మొదలైన సమ్మె తర్వాత గిర్నీలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి, చిమ్నీలు కూలిపోయాయి, రేసులు మాత్రం ఆగలేదు.

ముందు గేటు అంటే ఏమిటో చూద్దాం. చక్రాల మీద ఉండే పొడుగాటి ఇనుప చట్రం అది. అందులో వరుసగా ఇరుకు గదులు, గదికో గుర్రం, గుర్రం మీద జాకీ. అన్నీ లోపలికి వెళ్ళాక స్టార్టర్ మీట నొక్కితే ముందు తలుపులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. కరెంటుతో తెరుచుకునే ఇలాంటి గేటును అమెరికాకు చెందిన క్లే ప్యూయెట్ తయారుచేశాడు. 1939లో కెనడాలోని వాంకూవర్‌లో దాన్ని మొదటిసారి వాడారు. గేట్లు రాకముందు అడ్డంగా టేపు కట్టి లేపడమో, జెండా ఊపడమో చేసేవారు. ఎవరి గుర్రం ముందు దూకిందని గొడవలు తప్పేవి కావు.

ఏ గుర్రానికి ఏ గది అన్నది చీటీ తీసినట్టు తీస్తారు. దాన్నే డ్రా అంటారు. మంచి గుర్రానికి మంచి గది అనే లెక్క ఏమీ ఉండదు. లోపలి కంచెకు ఆనుకుని ఉన్నది ఒకటి, అక్కణ్ణుంచి బయటికి రెండు, మూడు, అలా.

ఇక్కడ ఒక పొరపాటు గురించి చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామంది చేస్తారు. రేసు బుక్కులో గుర్రం పక్కన రెండు నంబర్లు ఉంటాయి. వరుసలో మొదట కనపడేది కార్డు నంబరు. జాకీ కింద జీను గుడ్డ మీద ఉండేదీ, టోటు కిటికీ దగ్గర మనం చెప్పేదీ అదే. హ్యాండికాప్ రేసులో ఎక్కువ బరువు మోసే గుర్రానికి ఒకటో నంబరు ఇస్తారు. గేటు నంబరు వేరే గడిలో ఉంటుంది. కార్డులో ఒకటి ఉన్న గుర్రం పన్నెండో గేటు నుంచి దూకవచ్చు. ఈ రెండూ కలిపేసుకుని "ఒకటో నంబరు కదా, లోపలి నుంచే వస్తది" అని డబ్బు పెట్టేవాళ్ళు తక్కువేమీ కాదు.

ఇక అసలు సంగతి. లోపలి గేటు ఎందుకు మంచిదంటారు? ఇది మన పనివాళ్ళకు చెప్పడం తేలిక. బీము మీద నూలు చుట్టేటప్పుడు చూసే ఉంటారు. లోపలి పొర కంటే పై పొర ఒక చుట్టుకు ఎక్కువ నూలు తింటుంది. రేసు మలుపూ అంతే. కంచె పక్కన పరుగెత్తే గుర్రం లోపలి పొర, దానికి బయట ఉన్నది పై పొర. సగం వృత్తం తిరిగే మలుపులో ఒక మీటరు బయటగా పరుగెత్తే గుర్రం 3.14 మీటర్లు ఎక్కువ పరుగెత్తాలి. మూడు మీటర్లు బయట ఉంటే తొమ్మిదిన్నర మీటర్లకు కొంచెం తక్కువ. గుర్రం ముక్కు నుంచి తోక దాకా సుమారు రెండున్నర మీటర్లు అనుకుంటే, అది దాదాపు నాలుగు గుర్రాల పొడుగు. 1200 మీటర్ల రేసును మంచి గుర్రం 70 సెకన్ల చుట్టుపక్కల ముగిస్తుంది కాబట్టి నాలుగు గుర్రాల పొడుగంటే అర సెకను పైచిలుకు. ముక్కు తేడాతో, మెడ తేడాతో తేలిపోయే రేసుల్లో అర సెకను చాలా పెద్ద మాట.

ఈ లెక్కలో ఒక వింత ఉంది. మలుపు పెద్దదైనా చిన్నదైనా అదనపు దూరం అంతే. బీము సన్నదైనా లావుదైనా, పొర మందం పెరిగిన కొద్దీ చుట్టుకు పెరిగే నూలు అంతే కదా, అలాగే. మరి చిన్న మలుపు ఉన్న రేస్‌కోర్సుల్లోనే గేటు గోల ఎక్కువ ఎందుకంటే, అక్కడ సర్దుకోవడానికి చోటు ఉండదు. తిన్నటి దారి పొట్టిగా ఉంటుంది, మలుపు వెంటనే వచ్చేస్తుంది, వెనకబడ్డ గుర్రం అందుకోవడానికి ఆఖర్న నేల మిగలదు.

గమనించారా, దూరం పెరిగేది గేటు వల్ల కాదు, మలుపులో ఎక్కడ ఉన్నామన్న దానివల్ల. గేటుకూ మలుపుకూ మధ్య ఎంత దూరం ఉందన్నదే తేల్చే విషయం. తలుపులు తెరుచుకున్నాక మొదటి మలుపు రావడానికి చాలా నేల ఉంటే పన్నెండో గేటు గుర్రం మెల్లగా లోపలికి జరిగి కంచె పట్టుకోవచ్చు. మలుపు వెంటనే వస్తే రెండే దార్లు. ఒకటి, ప్రాణం పెట్టి పరుగెత్తించి అందరికంటే ముందుకు దూకి లోపలికి రావాలి. అలా చేస్తే చివరి 200 మీటర్లకు దాచుకోవాల్సిన దమ్ము అక్కడే ఖర్చయిపోతుంది. రెండోది, పట్టి ఆపి అందరి వెనక్కీ చేరి, లోపలికి జరిగి, ఆఖర్న దారి దొరుకుతుందేమో చూడాలి. ఈ రెంటిలో ఏదీ చేయని జాకీ మలుపంతా బయటే తిరుగుతాడు. రేసు చూసేటప్పుడు అందరూ ముందున్న గుర్రాన్నే చూస్తారు. మొదటి పది సెకన్లు బయటి గేటు జాకీ చేతులు చూడండి, కళ్ళెం వదిలాడా, పట్టాడా అని. ఆ గుర్రం కథ సగం అక్కడే తెలిసిపోతుంది.

ఒకటో గేటు అయినా పూలపాన్పు కాదు. నెమ్మదిగా దూకే గుర్రానికి ఆ గేటు పడితే బయటివాళ్ళంతా ముందుకొచ్చి లోపలికి మూసేస్తారు. ఒకపక్క కంచె, ఎదురుగా ఒక గుర్రం, పక్కన ఇంకొకటి. లోకల్ బండిలో తలుపు దగ్గర జనం మధ్య ఇరుక్కుని దాదర్‌లో దిగలేకపోయినట్టు ఉంటుంది దాని పని. కాళ్ళలో బలం ఉంటుంది, దారి ఉండదు. అందుకే గేటు చూసేముందు గుర్రం స్వభావం చూడాలంటారు తెలిసినవాళ్ళు. ముందు దూకి లాగించే గుర్రానికి లోపలి గేటు వరం. వెనకనుంచి వచ్చే గుర్రానికి చాలాసార్లు మధ్య గేటే మేలు.

నేల సంగతి కూడా చూడాలి. అందరూ కంచె పక్కనే పరుగెత్తితే అక్కడి గడ్డి ముందు పాడవుతుంది. పుణె రేసులు వానల్లోనే జరుగుతాయి కాబట్టి ఇది మరీ తెలుస్తుంది. లోపలి నేల బురదై గిట్టలు దిగబడుతుంటే జాకీలు గుర్రాలను కావాలని బయటి గట్టి నేల మీదికి తీసుకెళ్తారు. అప్పుడు రెండు మూడు మీటర్లు ఎక్కువ పరుగెత్తినా లాభమే. గడ్డిని కాపాడటానికి నిర్వాహకులు అప్పుడప్పుడూ లోపలి కంచెనే బయటికి జరిపి కడతారు. కాబట్టి పోయిన నెల నిజమైనది ఈ నెల నిజం కాకపోవచ్చు.

ఇంకొక్క మాట. హ్యాండికాప్ రేసుల్లో బలమైన గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైనదానికి తక్కువ బరువు వేసి అందరినీ సమానం చేయాలని చూస్తారు. గేటుకు మాత్రం అలాంటి సర్దుబాటు లేదు. చెడ్డ గేటు పడ్డదని అయ్యోపాపమని ఒక కిలో తగ్గించరు. ఆ తేడాను సర్దుబాటు చేసేది ఒక్కటే, పందెం ధర. దాని సంగతి కాసేపట్లో.

గేటు బలం అన్నిటికంటే బాగా కనిపించే చోటు ఇంగ్లండులోని చెస్టర్. 1539 నుంచి రేసులు జరుగుతున్న పాత రేస్‌కోర్సు. చుట్టుకొలత మైలుకు కాస్త ఎక్కువ, అంతే. గుర్రాలు దాదాపు ఎప్పుడూ మలుపులోనే ఉంటాయి. అక్కడ పొట్టి రేసుల్లో లోపలి గేట్లకు మేలు ఉందన్నది అందరికీ తెలిసిన సంగతి. బయటి గేటు పడితే గుర్రాన్ని రేసు నుంచే తీసేసే యజమానులు కూడా ఉంటారు.

దీనికి ఎదురుగా అమెరికా వాళ్ళ కెంటకీ డెర్బీని పెట్టి చూడండి. లూయివిల్‌లో ప్రతి ఏడూ మే నెల మొదటి శనివారం జరుగుతుంది, దూరం రెండు వేల మీటర్లకు కొంచెం ఎక్కువ, ఇరవై గుర్రాల దాకా దూకుతాయి. 1930 నుంచి గేటు వాడుతున్నారు. 2025 దాకా పదిహేడో గేటు నుంచి ఒక్క గుర్రం కూడా గెలవలేదు! సుమారు 45 గుర్రాలు ఆ గేటు నుంచి దూకాయి, అన్నీ ఓడాయి. అక్కడి పందెగాళ్ళు పదిహేడును శని గేటులా చూస్తారు.

కానీ లెక్క వేసి చూడండి. ఇరవై గేట్లకూ సమాన అవకాశం ఉందనుకుంటే, ఒక గేటు ఏదైనా ఒక ఏడు గెలవకపోయే అవకాశం నూటికి 95. అది వరుసగా 45 సార్లు జరిగే అవకాశం నూటికి పది. అంటే ఇరవై గేట్లలో ఒకటో రెండో ఇలా ఊరికే ఖాళీగా మిగిలిపోవడం మామూలే. పదహారుకూ పద్దెనిమిదికీ మధ్య నేలలో గొయ్యి ఏమీ లేదు. పక్కనే ఉన్న పద్దెనిమిదో గేటు నుంచి 2020లో అథెంటిక్, 2025లో సావరినిటీ గెలిచాయి. అందరికంటే బయట, ఇరవయ్యో గేటు నుంచి 2008లో బిగ్ బ్రౌన్ గెలిచింది.

అదే రేసులో ఒకటో గేటు కథ వేరు. 1986లో ఫెర్డినాండ్ తర్వాత 2025 దాకా ఆ గేటు నుంచి ఎవరూ గెలవలేదు. దీనికి మాత్రం కారణం చెప్పవచ్చు. అప్పట్లో పద్నాలుగు గదుల పెద్ద గేటు పక్కన ఇంకో చిన్న గేటు కలిపి పెట్టేవారు. అంత పొడుగు వరుసలో ఒకటో గది గుర్రం తిన్నగా దూకితే కంచె మీదికి పోతుంది. పక్కకు తిరిగేలోపు పందొమ్మిది గుర్రాలు మీదికి వచ్చి పడతాయి. అందుకే 2020 నుంచి ఇరవై గదులు ఉన్న ఒకే గేటు తెచ్చి, ఒకటో గదిని కంచెకు కాస్త దూరం జరిపారు. మన చాల్‌లో "ఒకటో గేటు బంగారం" అంటే, లూయివిల్‌లో అది భయం. నంబరు అదే, నేల వేరు.

మనవాళ్ళకు నంబరు అంటే ఉన్న మోజు ఎక్కడిదో అందరికీ తెలుసు. మట్కా పుట్టిందే పత్తి నుంచి. న్యూయార్క్ పత్తి బజారు ధరలు తంతి మీద బొంబాయికి వచ్చేవి, ఆ ధరల అంకెల మీద పందెం కాసేవారు. 1960ల్లో ఆ ధరలు ఆగిపోయాక కుండలోంచి చీటీలు, తర్వాత పేకముక్కలు తీయడం మొదలైంది. మట్కా పందెం కట్టే అడ్డాలు గిర్నీ వాడల్లో వెలిశాయి. మట్కా అంకె వెనక ఏమీ ఉండదు. నిన్న ఏడు వచ్చిందని ఇవాళ ఏం వస్తుందో దేవుడికి కూడా తెలియదు. గేటు నంబరు వెనక మలుపు ఉంది, నేల ఉంది, గుర్రం స్వభావం ఉంది. అవన్నీ తీసేసి "ఈ సీజన్‌లో మూడో గేటు నడుస్తుంది" అని ఆడితే మాత్రం అది మట్కానే. కలలో కనిపించిన బండి నంబరు మీద ఆడినట్టే.

అంకెల పట్టీలు అమ్మేవాళ్ళు చేసే గారడీ ఒకటి చెప్తాను. "సీజన్ మొత్తంలో ఒకటో గేటుకు ఇన్ని గెలుపులు, పద్నాలుగో గేటుకు రెండే" అని రాస్తారు. చూడగానే నిజమే అనిపిస్తుంది. వంద రేసులు జరిగాయనుకోండి. ఒకటో గేటు వందలోనూ ఉంటుంది. పద్నాలుగో గేటు ఉండాలంటే పద్నాలుగు గుర్రాలు దూకాలి, అలాంటి రేసులు ఇరవై ఉంటే గొప్ప. వందసార్లు దూకినవాడి గెలుపులను ఇరవైసార్లు దూకినవాడితో పోల్చడం ఏం న్యాయం? పైగా తక్కువ గుర్రాలున్న రేసులో ఎవరికైనా గెలవడం తేలిక. ఎన్నిసార్లు గెలిచిందని కాదు, ఎన్నిసార్లు దూకి, ఎన్నేసి గుర్రాల మధ్య గెలిచిందని అడగాలి. అది రాసిన పట్టీ నాకు బజార్లో ఇంతవరకూ కనిపించలేదు.

సరే, గేటు బలం నిజంగా ఉన్న రేసు దొరికిందనుకుందాం. పొట్టి దూరం, దగ్గర మలుపు, వేగంగా దూకే గుర్రం, ఒకటో గేటు. డబ్బు వస్తుందా?

టోటు ఎలా నడుస్తుందో చూడండి. అందరి పందెం డబ్బూ ఒక కుప్పగా పోస్తారు. అందులోంచి క్లబ్బు తన వాటా తీసుకుంటుంది. మిగిలింది గెలిచిన టికెట్లకు పంచుతారు. అంటే మనం ఆడేది గుర్రంతో కాదు, పక్క కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళతో. గేటు నంబరు రేసు బుక్కులో అందరికీ అచ్చేసి ఇచ్చినదే. మనకు తెలిసింది వాళ్ళకూ తెలుసు. మామూలు గేటు నుంచి ఆ గుర్రం అయిదు రేసుల్లో ఒకటి గెలుస్తుందనుకోండి. మంచి గేటు వల్ల నాలుగింట ఒకటికి పెరిగింది. నాలుగింట ఒకటి గెలిచే గుర్రానికి పది రూపాయలకు కనీసం నలభై వస్తేనే పెట్టినది తిరిగొస్తుంది. కానీ "ఒకటో గేటు" అని అందరూ దాని మీదే పోస్తే డివిడెండు పదికి ముప్పైకి దిగుతుంది. గుర్రం నిజంగానే మెరుగైంది, పందెం మాత్రం పాడైంది. చెస్టర్‌లో కూడా ఇదే జరుగుతుంది. లోపలి గేటు గుర్రాలు గెలుస్తాయి, ధర అంతకంటే ముందే పడిపోయి ఉంటుంది.

గుర్రప్పందెం నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీం కోర్టు 1996లో మద్రాసు కేసులో తీర్పు ఇచ్చింది. "జూదం కాదట" అని ఆ తీర్పును మనవాళ్ళు ఇంట్లో తరచూ వాడతారు. నైపుణ్యం ఉన్నమాట నిజమే. ఆ నైపుణ్యం పొద్దున అయిదింటికి గుర్రాన్ని తిప్పే ట్రైనర్‌కు ఉంది, జాకీకి ఉంది, ఏళ్ళ తరబడి కాగితాలు చదివే కొద్దిమందికి ఉంది. వాళ్ళూ అదే కుప్పలో డబ్బు పోస్తారు.

ఇప్పుడు పన్ను. పందెం మొత్తం ముఖవిలువ మీద 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం అయింది. గెలిచినా ఓడినా, టికెట్టు కొన్నప్పుడే కట్టాలి. వంద రూపాయల పందేనికి జేబులోంచి పోయేది నూట నలభై. డివిడెండు లెక్క కట్టేది మాత్రం వంద మీదే. ఒక్క గెలుపులో పదివేలు దాటి వస్తే ఆదాయపు పన్ను కింద 30 శాతం అక్కడే పట్టుకుంటారు. పన్ను లేదని బయటి బుకీ దగ్గరికి పోతే అది నేరం. అక్కడ గెలిచిన డబ్బు ఇవ్వకపోతే అడగడానికి ఏ కిటికీ ఉండదు.

ఒకటో గేటు పడ్డ ఫేవరెట్ గుర్రాన్నే తీసుకోండి. అందరూ దాని మీదే ఉన్నారు, అది కంచె పట్టుకుని అందరికంటే ముందు గీత దాటింది, చాల్ అంతా చప్పట్లు. టోటు పలక మీద డివిడెండు పదికి పదమూడు. వంద పందేనికి చేతికి నూట ముప్పై వస్తాయి. టికెట్టుకు కట్టింది నూట నలభై.